గ్లూకోజ్ సీసా కాదు, పొటాషియం పరీక్ష

ప్రశ్న: మేం మౌలాలి హెచ్‌బీ కాలనీలో ఉంటాం. మా అబ్బాయికి 26 ఏళ్లు. పోయిన నెల ఆదివారమంతా క్రికెట్ ఆడి, రాత్రి దావత్‌లో బిర్యానీ తిని పడుకున్నాడు. తెల్లారి లేవబోతే కాళ్లు కదల్లేదు. మధ్యాహ్నానికి మామూలుగా నడిచాడు. ఇలా కావడం మూడోసారి. రెండ్రోజుల తర్వాత చేయించిన రక్తపరీక్షలన్నీ నార్మల్. నరాల బలహీనత అని బీ12 ఇంజక్షన్లు ఇచ్చారు. నటి సమంతకు వచ్చిన జబ్బేనా? సంబంధాలు కూడా చూస్తున్నాం.

జవాబు: అమ్మా, సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. బాగా అలిసిపోవడం, రాత్రి కడుపునిండా అన్నం, నిద్ర, తెల్లారేసరికి కాళ్లు చచ్చుబడటం, కొన్ని గంటల్లో సర్దుకోవడం. ఈ వయసు కుర్రాళ్లలో ఈ వరుస చూస్తే మాకు మొదట వచ్చే అనుమానం హైపోకలీమిక్ పీరియాడిక్ పెరాలసిస్. అన్నం ఎక్కువ తింటే ఇన్సులిన్ పెరుగుతుంది. అది రక్తంలోని పొటాషియాన్ని కణాల్లోకి తోస్తుంది. ఈ జబ్బున్నవాళ్లలో రక్తంలో అది మరీ పడిపోయి కండరాలు పనిచేయవు.

పొటాషియం సాధారణంగా 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. కాళ్లు వచ్చేసరికి అదీ దారిన పడుతుంది. మీ రిపోర్టులు నార్మల్‌గా ఉన్నది అందుకే. మళ్లీ వస్తే మధ్యాహ్నానికి తగ్గుతుందిలే అని ఆగకండి. కాళ్లు పడిపోయి ఉండగానే 108 పిలిచి ఆస్పత్రికి తీసుకెళ్లండి, పొటాషియం, ఈసీజీ చూడమని అడగండి. పొటాషియం మరీ తగ్గితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఊపిరి ఆడకపోయినా, మింగలేకపోయినా, మూతి వంకరపోయినా, ఒక పక్కే పడిపోయినా క్షణం ఆగకూడదు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మనవాళ్లకు నీరసమంటే గ్లూకోజ్ ఎక్కించాల్సిందే. డాక్టరు వద్దన్నా ఒప్పుకోరు! ఈ జబ్బులో ఆ సీసా బిర్యానీ చేసిన పనే మళ్లీ చేస్తుంది. పొటాషియం మందు సొంతంగా కొని తాగించొద్దు. జబ్బు తగ్గేటప్పుడు కణాల్లో ఉన్న పొటాషియం రక్తంలోకి తిరిగొస్తుంది, మోతాదు మించితే అదీ గుండెకు ముప్పే.

ఇప్పుడు బాగానే ఉన్నాడు కదా అని ఊరుకోకుండా ఈ వారమే గాంధీ ఆస్పత్రిలో గానీ నిమ్స్‌లో గానీ న్యూరాలజీ ఓపీలో చూపించండి. థైరాయిడ్ ఎక్కువైనా ఇలా కాళ్లు పడిపోవచ్చు కాబట్టి ఆ పరీక్ష తప్పనిసరి. గుండెదడ, చేతుల వణుకు, బరువు తగ్గడం లేకపోయినా థైరాయిడ్ ఎక్కువై ఉండొచ్చు. కిడ్నీల ద్వారా పొటాషియం పోతోందా, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని కూడా చూస్తారు.

సమంత 2022లో తనే చెప్పిన మయోసైటిస్ ఇలా గంటల్లో వచ్చిపోయేది కాదు. వారాల తరబడి మెట్లెక్కడం, తల దువ్వుకోవడం కష్టమవుతూ వస్తుంది. మయస్తీనియా అనే మరో జబ్బయితే పొద్దున బాగుండి, సాయంత్రానికి రెప్పలు వాలిపోతాయి.

సంబంధాలు ఆపాల్సిన పనేం లేదు. కారణం థైరాయిడ్ అని తేలితే, అది అదుపులోకి వచ్చాక సాధారణంగా ఇవి మళ్లీ రావు. అప్పటిదాకా రాత్రిపూట దావత్‌లలో కాస్త తక్కువ తినమనండి.