వేడి ఇంట చల్లని పూవు

చలికాలమున ఉదకమండలమునకో బెంగుళూరునకో పోయివచ్చినవారు ఒక్కొక్కప్పుడు పూచిన సింబిడియము కుండీని మురిపెముగా బళ్ళారికి తెచ్చుకొందురు. ఆర్కిడ్ జాతిలో అదియొకటి. పూలు వారములకొలది వాడక నిలుచును. చైత్రము వచ్చుసరికి ఆకులు పసుపుబారును. దాహమేమోయని ఇంటివారు పూటపూటకు నీరు పోయుదురు. వేళ్ళు కుళ్ళి మొక్క చచ్చును. అది ఎండచేత చచ్చినదా, మన ఆదరముచేత చచ్చినదా?

ఆర్కిడ్లలో అనేకము చెట్ల కొమ్మలనంటి, వేళ్ళను గాలిలో వ్రేలాడవేసి బ్రదుకును. అవి చెట్టు రసమును పీల్చవు; చెట్టు వానికి ఆసనము మాత్రమే. పెద్దపూల సింబిడియముల పూర్వులు హిమాలయపు వాలులవి. 19వ శతాబ్దారంభమున ఆంగ్లేయులు ఇట్టి కొండమొక్కలను సైతము ఉష్ణదేశపువని తలచి, గాలి చొరని వేడి గాజుటిండ్లలో బంధించి చంపుకొనిరి. తరువాత చాట్స్‌వర్త్ తోటలో జోసెఫ్ పాక్స్‌టన్ వేడి తగ్గించి, గాలి ఆడనిచ్చి పెంచగా మొక్కలు నిలిచినవి.

విద్యార్థులారా, ఇందలి కీలకము పగటిలో కంటె రాత్రిలో నున్నది. ఆకు పగలు వెలుతురులో ఆహారము చేసికొనును. రేయింబవళ్ళు శ్వాసించుచు దానిని ఖర్చుచేయును. వేడి హెచ్చినకొలది ఈ ఖర్చు హెచ్చును. మే నెలలో మన మిద్దె గోడలు రాత్రియంతయు వేడి క్రక్కుచుండగా, పగటి సంపాదనలో పెద్దపాలు తెల్లవారులోగా హరించిపోవును. అదియుగాక, పూకాడ పుట్టుటకు దానికి 10 మొదలు 15 డిగ్రీల చల్లని రాత్రులు కొన్ని వారములు కావలెను. సండూరు కొండలపై రామనదుర్గమునకు పోయినను చాలదు. అది మన పట్టణముకంటె సుమారు 500 మీటర్లు ఎత్తు; 1000 మీటర్లకు సుమారు 6 డిగ్రీలు తగ్గును గనుక అచ్చట లాభము మూడు డిగ్రీలే.

అయినను మన వేసవికి ఒక సుగుణము కలదు, అది పొడిగాలి. ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 580 కెలోరీల ఉష్ణమును పరిసరముల నుండి లాగికొనును. కుండలోని నీరు చల్లబడుట ఇందువలననే. గాలి 40 డిగ్రీల వేడిలో నూటికి 20 వంతుల తేమతో నున్నపుడు, తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు సుమారు 23 డిగ్రీలే చూపును. పాఠశాలలో రెండు థర్మామీటర్లతో మీరే పరీక్షింపవచ్చును.

కావున మొక్కను నీరు చెమర్చు మట్టికుండీలో, బొగ్గుముక్కలు, పెంకుముక్కలు, కొబ్బరిపీచు కలిపి నాటవలెను. ఆ కుండీని పెద్దకుండలో నుంచి నడుమ తడియిసుక పోయవలెను. ఉత్తరపు వసారాలో, గాలి వచ్చువైపున తడిగోనెపట్ట కట్టవలెను. తలుపులు మూయుట పెద్ద పొరపాటు. మూసిన గదిలో గాలి తేమతో నిండి, ఆవిరియగుట ఆగిపోవును. రాత్రి ఆరుబయట నుంచి, ఎండ తగులకముందే లోనికి తేవలెను. బోరునీటి లవణములు వేళ్ళను మాడ్చును. పట్టి దాచిన వాననీరు మేలు. గడియారము చూచి నీరు పోయరాదు. పైకి కనబడు వేరు తెల్లబడినచో ఎండినది, పచ్చగా నున్నచో తడి కలదు. వానకాలమున గోనెపట్ట వలన ప్రయోజనము తక్కువ.

ఇంతచేసిన మొక్క బ్రదుకవచ్చును. పూయునని మాత్రము నేను మాట ఈయజాలను. డబ్బిచ్చి కొనువారు వేడికోర్చు సంకరజాతుల నడుగుట మంచిది. ఖాసీకొండల నీలి వాండాను ఫిలిప్పీన్సు దీవుల వేడినేల జాతితో కలిపి 1931లోనే అట్టి సంకరమును నమోదు చేసిరి.

నా కన్నులకు మన బదనికయే ముద్దు. కన్నడిగులు బందణికె యందురు. చెట్టు రసము పీల్చు వేరొక మొక్కకు కూడ ఈ పేరే వాడుదురు గాన భ్రమపడరాదు. సంస్కృతపు "వందా" శబ్దము నుండియే వాండా యను శాస్త్రనామము పుట్టినది. సామర్లకోటలో పనిచేసిన రాక్స్‌బర్గు 1795లో వెలువడిన తన కోరమాండల్ మొక్కల గ్రంథమున దీని చిత్రమును ప్రకటించెను. పసుపుపచ్చ రేకులపై గోధుమరంగు గళ్ళు, నీలపు పెదవి, కమ్మని వాసన. మన వేసవి దీనికి పుట్టినిల్లు.

అడవిలో పెరుగుచున్నదానిని పెరుకరాదు. ధూళివంటి దాని విత్తనములో ఆహారము లేదు. ఒక శిలీంధ్రము తోడైననే అది మొలచును, పూచుటకు ఏండ్లు పట్టును. గాలివానకు విరిగిపడిన కొమ్మపై దొరకినచో తెచ్చి, పెరటి మామిడికొమ్మకు కొబ్బరిపీచుతో కట్టుడు. క్రొత్తవేరు బెరడును పట్టుకొనిన తరువాతనే కట్టు విప్పవలెను.