నందిగామ నుంచి నౌణీ దాకా

బైపీసీ అయింది, నీట్‌లో ర్యాంకు రాలేదు. జగ్గయ్యపేట, నందిగామ ఇళ్లలో ఆపైన వినిపించేవి నర్సింగ్, ఫార్మసీ. ఉద్యాన కోర్సు పేరెత్తేవారు తక్కువ. ఎత్తినా మామిడి, మిర్చి దగ్గర ఆగిపోతారు. ఆపిల్, వాల్‌నట్, బాదం వంటి చలిప్రాంతపు తోటల్లోనూ కొలువులున్నాయి.

అలాగని యూట్యూబ్ చూసి పత్తి చేను తీసేసి ఆపిల్ నాటకండి. ఆపిల్ చెట్టు చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోతుంది. మళ్లీ మొగ్గ విచ్చాలంటే పేరున్న పాత రకాలకు 7 డిగ్రీల దిగువన సుమారు 1000 గంటలు గడవాలి. మన మెట్టలో ఆ చలి ఎక్కడిది? హిమాచల్ రైతు హరిమన్ శర్మ తయారుచేసిన హెచ్‌ఆర్‌ఎంఎన్-99 రకానికి అంత చలి అక్కర్లేదు, ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలంలో కాసింది కూడా. కానీ కాయడం వేరు, బజారులో సిమ్లా కాయ పక్కన నిలవడం వేరు.

ఈ చలి లెక్క మామిడికీ ఉంది. రాత్రులు చల్లబడకపోతే పూత వెనకబడుతుంది. పూత కోసం మామిడికి కల్టార్ మందు పోసే రైతు ఇంట పుట్టిన పిల్లలకు ఈ పాఠం సగం వచ్చినట్టే.

ఇక చదువు దారులు. పది పాసైనవారు వెంకటరామన్నగూడెం ఉద్యాన వర్సిటీ పరిధిలో రెండేళ్ల డిప్లొమా చేయొచ్చు, నూజివీడులోనే పాలిటెక్నిక్ ఉంది. ఆపై హార్టిసెట్ రాసి బీఎస్సీలో చేరొచ్చు. బైపీసీవారికి ఈఏపీసెట్ దారి, రైతు బిడ్డలకు కోటా. సీయూఈటీ రాస్తే ఐసీఏఆర్ సీటుతో 1985లో పుట్టిన నౌణీ వర్సిటీకి, హిమాచల్‌లోని సోలన్ కొండల్లోకి, వెళ్లొచ్చు. శ్రీనగర్‌లో శీతల ఉద్యాన పరిశోధనకు కేంద్ర సంస్థే ఉంది.

నా లెక్కలో అసలు గిరాకీ అంటు కట్టే చేతికి. ఇంగ్లండ్‌లో ఎంపికైన ఎం9 వేరుమూలం మీద కట్టిన ఆపిల్ పొట్టిగా పెరిగి త్వరగా కాపుకొస్తుంది, దగ్గరదగ్గరగా నాటొచ్చు. ఇక వాల్‌నట్ మొండిది. కోసినచోట కణజాలం అతకాలంటే 25 డిగ్రీలు దాటిన వెచ్చదనం ఉండాలి. చలికొండలో ఆ వేడిని పాలీహౌస్‌లో పుట్టించాలి. అందుకే మంచి వాల్‌నట్ అంటుకు ఎప్పుడూ కొరతే. మామిడి అంటులో చేయి తిరిగినవారికి ఇది కొత్త విద్యేమీ కాదు, తేడా అంతా వేళ, వేడి దగ్గరే.

ఆ కొండల్లో పనిచేయాలంటే హిందీ రావాలి. కొమ్మ కత్తిరింపులు నిండు చలికాలంలో, ఒక్కోసారి మంచులో నిలబడి చేయాలి. అది పడనివారు నూజివీడు నర్సరీలు చూసుకోవచ్చు. డిగ్రీ ఉంటే ఏపీపీఎస్సీ ఉద్యాన అధికారి నోటిఫికేషన్ కోసమూ కాచుకోవచ్చు.