కార్డు మీది అంకెలు ఎవరికి కాపలా?

క్రెడిట్ కార్డు మోసాల గురించి మనం చదివేదంతా కార్డు ఉన్నవాడికి చెప్పే జాగ్రత్తలే. ఓటీపీ చెప్పొద్దు, పిన్ చెప్పొద్దు, ఫోనులో ఎవరేమడిగినా నమ్మొద్దు. మంచి మాటలే, కాదనను. కాని కార్డు తీసుకుని సరుకిచ్చే కొట్టువాడి గోడు పట్టించుకున్నవాళ్ళు తక్కువ. ఇది కామర్సు వాళ్ళు రాయవలసిన వ్యాసం గదా, బీయస్సీ లెక్కల కుర్రాడికెందుకు అని మిత్రులు అడగవచ్చు. కార్డు మీది అంకెల్లోనే చక్కని లెక్కల పాఠం ఒకటుంది. అది ఒక కారణం. రెండోది మా నాన్న ఎరువులు కొనే కొట్టు.

మాది మిరప, పత్తి పండించే ఊరు. మండల కేంద్రంలో ఆ కొట్టు గల్లాపెట్టె పక్కన రెండు మిషన్లుంటాయి. ఒకటి సబ్సిడీ ఎరువులకు రైతు వేలిముద్ర తీసుకునేది, 2018 నుంచి దేశమంతటా వచ్చిందే. రెండోది బ్యాంకు వాళ్ళిచ్చిన కార్డు మిషను. మొన్న సెలవుల్లో కొట్టు బాబాయి నన్ను కూర్చోబెట్టి అడిగాడు: "ఏరా అబ్బాయీ, బీయస్సీ అంటివిగా. కార్డు మీద పదహారంకెలున్నాయి. అవి చూసి ఇది దొంగ కార్డో కాదో చెప్పగలవా?"

"చెప్పలేను బాబాయ్. అంకెలు తప్పు రాశారో లేదో మాత్రం చెప్పగలను" అన్నాను.

ఈ రెండింటికీ ఉన్న తేడా చాలామందికి తెలియదు. కొట్లు మోసపోయేది అక్కడే.

ముందు లెక్క చూద్దాం. ఐబీఎం కంపెనీలో పనిచేసిన హన్స్ పీటర్ లూన్ అనే ఆయన 1954లో ఒక చిన్న చేతి పరికరానికి పేటెంటు కోరాడు, 1960లో అది మంజూరయింది. ఆ పరికరం చేసే లెక్కే ఈనాటికీ కార్డు చివరి అంకెను నిర్ణయిస్తోంది. పద్ధతి సులువు. కుడి చివర మొదలుపెట్టి ఎడమకు రండి. చివరి అంకెను అట్లాగే ఉంచండి, దాని పక్కదాన్ని రెట్టింపు చెయ్యండి, ఆ పక్కది అట్లాగే, దాని తరువాతది రెట్టింపు. రెట్టింపు చేసినప్పుడు తొమ్మిది దాటితే అందులోంచి తొమ్మిది తీసెయ్యండి. అన్నీ కూడిన మొత్తం పదితో శేషం లేకుండా పోవాలి.

సాఫ్ట్‌వేరు పరీక్షలకు వాడే ఉత్తుత్తి సంఖ్య ఒకటుంది: 4111 1111 1111 1111. ఇందులో రెట్టింపు కావలసినవి మొదటి 4, ఏడు ఒకట్లు. 8, 14 కలిపి 22. మిగిలిన ఎనిమిది ఒకట్లు 8. మొత్తం 30. సరిపోయింది.

రెట్టింపు చెయ్యడంలో తెలివి ఏమిటంటే, 0 నుంచి 9 దాకా అంకెలను ఈ నియమంలో పెడితే 0, 2, 4, 6, 8, 1, 3, 5, 7, 9 వస్తాయి. పదికి పది వేర్వేరుగా వచ్చాయి, ఏదీ రెండుసార్లు రాలేదు. అందువల్ల ఏ ఒక్క అంకె తప్పు రాసినా మొత్తం మారి తీరుతుంది, తప్పు బయటపడుతుంది. పక్కపక్క అంకెలు తారుమారైనా దొరికిపోతుంది, ఒక్క 09కీ 90కీ తప్ప. ఆ జంట ఎటు తిప్పినా తొమ్మిదే వస్తుంది, కాగితం మీద వేసి చూసుకోండి. (మన ఆధార్ సంఖ్య చివరి అంకెకు వెర్హోఫ్ అనే డచ్చి గణితజ్ఞుడి పద్ధతి వాడారు. దానికి ఈ లోపం కూడా లేదు. సెల్‌ఫోను ఐఎంఈఐ సంఖ్య చివరి అంకె మాత్రం లూన్‌దే.)

ఇంత ముచ్చటైన లెక్క కాపలా కాసేది చేయి జారిన గుమాస్తాకు, దొంగకు కాదు. ఆ నియమం దొంగకూ తెలుసు. తోచిన పదహారంకెలు రాస్తూ పోతే సగటున పదింట ఒకటి ఈ పరీక్ష నెగ్గుతుంది. కంప్యూటరుతో లూన్ పరీక్ష నెగ్గే సంఖ్యలు వేలకు వేలు పుట్టించి, వాటిల్లో నిజంగా ప్రాణమున్న కార్డులేవో తెలుసుకోవడానికి ఇంటర్నెట్ అంగళ్ళ మీద పడతారు. చిన్న చిన్న మొత్తాలతో, నిమిషానికి పదీ ఇరవై ఆర్డర్లు, కార్డు తరువాత కార్డు, ఎక్కువ భాగం తిరస్కారాలు. బేరాలు పెరిగాయని అంగడి వాడు సంబరపడే సమయం కాదది. ఒకే చోటినుంచి వరసగా విఫలమయ్యే ప్రయత్నాలకు అడ్డుకట్ట వెయ్యమని చెల్లింపులు చూసే సంస్థకు వెంటనే చెప్పాలి. మన దేశంలో ఇంటర్నెట్ కార్డు చెల్లింపులకు 2009 నుంచీ రిజర్వు బ్యాంకు రెండో గుర్తింపు తప్పనిసరి చెయ్యడం వల్ల ఈ బెడద కొంత తక్కువ. విదేశీ కార్డులు తీసుకునేవాళ్ళకు మాత్రం ఆ రక్ష అన్నిచోట్లా లేదు.

ఇక కొట్టులో కార్డు చేతికిచ్చే సందర్భానికి వద్దాం. కార్డు వెనుక నల్లటి అయస్కాంతపు పట్టీలో ఉండే సమాచారం ఎప్పుడూ ఒకటే. అంచేత దాన్ని ఒకసారి దొంగ యంత్రంలో గీకితే చాలు, మరో ప్లాస్టిక్ ముక్క మీదికి అచ్చంగా ఎక్కించవచ్చు. ముందున్న బంగారు రంగు చిప్పు సంగతి వేరు. దాని కడుపులో ఒక రహస్య సంఖ్య ఉంటుంది, అది బయటికి రాదు. మిషను ప్రతిసారీ ఒక కొత్త సంఖ్యను, బిల్లు మొత్తాన్ని చిప్పుకు ఇస్తుంది. చిప్పు వాటిని తన రహస్యంతో కలిపి లెక్క చేసి జవాబిస్తుంది. నిన్నటి జవాబు ఈ రోజు పనికిరాదు. అందుకే పట్టీ మాత్రమే ఉన్న కార్డులను 2018 చివరికల్లా చిప్పు కార్డులుగా మార్చాలని రిజర్వు బ్యాంకు గడువు పెట్టింది.

చిప్పు చెప్పేది కార్డు అసలుదని. పిన్ చెప్పేది తెచ్చినవాడు ఆ రహస్యం తెలిసినవాడని. ఒకటి చూసి రెండోది కూడా రుజువయిందనుకోకూడదు. పిన్ లేకుండా మిషనుకు తాకించి చెల్లించే పద్ధతికి 2021 జనవరి నుంచి 5,000 రూపాయల దాకా అనుమతి ఉంది. అక్కడ కార్డు అసలుదే, పట్టుకొచ్చినవాడు ఎవరో మనకు తెలియదు. పద్నాలుగు వేల బిల్లును మూడు ముక్కలు చేసి, ఒక్కొక్కటి అయిదు వేల లోపుండేట్టు తాకిస్తానన్నాడనుకోండి, "ఒకే బిల్లు చేస్తానండీ, పిన్ కొట్టండి" అంటే చాలు. అసలు మనిషికి దానివల్ల వచ్చిన కష్టమేమీ లేదు.

"చిప్పు పని చెయ్యట్లేదు, గీకండి" అనే మాట కూడా ఇట్లాంటిదే. చిప్పులు నిజంగానే అరుగుతాయి, ఒప్పుకుంటాను. కాని కావాలని పాడుచేసిన చిప్పు దొంగకు దొడ్డిదారి. గీకవలసి వస్తే ఒక చిన్న పని చెయ్యాలి: మిషను చీటీ మీద వచ్చే చివరి నాలుగంకెలు, కార్డు మీద అచ్చయిన చివరి నాలుగంకెలు పోల్చి చూడాలి. వేరొకరి సమాచారం ఈ ప్లాస్టిక్ మీదికి ఎక్కించి ఉంటే అవి కలవకపోవచ్చు. పావు నిమిషం పని, ఖర్చు సున్నా. మా బాబాయి ఇన్నేళ్ళలో ఒక్కసారీ చూడలేదట. నిజానికి కార్డు మీది అంకెలు కొట్టువాడికి అక్కరకొచ్చే చోటు ఇదొక్కటే.

అడగడం ఆయనకు చేతకాక కాదు. ఖరీదైన పురుగుమందు సీసాలు పది కావాలన్నవాడిని "ఏ పంటకి? ఎన్నెకరాలు? తామర పురుగా, మరోటా?" అని అలవాటుగా అడుగుతాడు. పంట పేరు చెప్పలేక, ధర అడక్కుండా, ఒక కార్డు పడకపోతే జేబులోంచి ఇంకోటి, అదీ పోతే మరోటి తీసేవాడి మీద అనుమానం రావడానికి లెక్కలెందుకు?

ఇక్కడ ఒక మాట కాస్త బాధగానే రాయాలి. ఒకసారి మా నాన్న పట్నంలో ఒక కొట్టులో మోటారు కొని తన కార్డు ఇచ్చాడు. పంచె, భుజాన కండువా, కాళ్ళకు దుమ్ము. కార్డు ఎవరిదని అడిగారు, ఆధార్ చూపమన్నారు, లోపలికి తీసుకుపోయి ఎవరికో ఫోను చేశారు. చిప్పు పెట్టి పిన్ కొట్టించుకుంటే ఒక్క నిమిషంలో తేలే విషయానికి ఆయన అరగంట నిలబడ్డాడు. అదే సమయంలో పక్కన బూటుకాళ్ళ ఆసామీ ఒకాయన కార్డు తాకించి సంచీ పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆయన దొంగని నేననను. వెతకవలసిన గుర్తు ఎక్కడుందో ఆ కొట్టువాళ్ళకు తెలియదంటాను. బట్టలు చూసి కనిపెట్టే పరీక్ష లూన్ పరీక్షపాటి కూడా కాదు. అది చేయి జారిన తప్పునైనా పట్టుకుంటుంది.

ఫోను మీద వచ్చే ఆర్డర్లలో మరో రకం ఉంది. సరుకు విలువకంటే ఎక్కువ చెల్లించి, "పొరపాటున ఎక్కువ పడింది, మిగతాది ఫలానా ఖాతాకు వెయ్యండి" అంటారు. తరువాత అసలు కార్డు యజమాని బ్యాంకుకు ఫిర్యాదు చేస్తే మొదట పడిన డబ్బంతా వెనక్కి పోవచ్చు. మనం పంపిన 'మిగతాది' మాత్రం రాదు. డబ్బు వాపసు ఇవ్వాలంటే వచ్చిన కార్డుకే ఇవ్వాలి, మరో దారిలో ఇవ్వకూడదు. అట్లాగే ఆర్డరు కోసం వాట్సాప్‌లో కార్డు ఫొటో పంపించుకుని నోటుబుక్కులో అంకెలు రాసుకోవడం మానాలి. 2022 అక్టోబరు నుంచి ఇంటర్నెట్ వ్యాపారులు సైతం కార్డు సంఖ్యలు దాచుకోవడానికి వీల్లేదు, బదులు సంకేత సంఖ్యలే వాడాలి.

యూపీఐలో ఈ నాటకమే ఇంకా చవకగా ఆడతారు. కొనేవాడి ఫోనులో కనిపించే 'చెల్లించారు' అన్న బొమ్మ చెల్లింపుకు రుజువు కాదు, ఎవరైనా తయారుచెయ్యగలరు. మన ఖాతాలో పడిందా, మన డబ్బా పలికిందా, అంతవరకే.

కార్డు యజమాని అభ్యంతరం చెబితే బ్యాంకు కొట్టువాడిని రుజువులు అడుగుతుంది. జవాబుకు గడువుంటుంది, అది దాటితే సరుకూ డబ్బూ రెండూ పోయినట్టే, పైన రుసుము కూడా పడవచ్చు. నూటికి అయిదు మిగిలే వ్యాపారం అనుకుందాం. అయిదు వేల సరుకు పోతే అది పూడటానికి లక్ష రూపాయల అమ్మకం కావాలి. మా ఊళ్ళో ఆ లోటు కొట్టువాడితో ఆగదు, వచ్చే కారుకు అరువు దొరకని రైతు దాకా వస్తుంది. అందుకని బాబాయి చేత మిషను చీటీలు, బిల్లులు, సరుకు అందినట్టు సంతకాలు తేదీలవారీగా ఒక ఫైల్లో పెట్టించాను. మిషను చీటీ మీది అక్షరాలు కొన్నాళ్ళకు వెలిసిపోతాయి గనక వాటికి ఫొటో తీసి ఉంచాలి. మోసం జరిగిందని తేలగానే బ్యాంకుకూ, సైబరు నేరాల సహాయ సంఖ్య 1930కీ చెప్పాలి. ఆ సంఖ్యను కార్డు మిషను వెనుక పెన్నుతో రాసి వచ్చాను.