జాజ్ పంపితే చాలదు, కలిసి వినాలి

ప్రశ్న: నేను వయొలిన్ నేర్చుకుంటున్నాను. తోటి విద్యార్థులు బాపట్ల, రేపల్లెల్లో ఉన్నారు. నచ్చిన జాజ్ రికార్డింగులు వాట్సాప్‌లో పంపుకుంటున్నాం గానీ, ఎవరూ పూర్తిగా వినడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ముందు పంపడం తగ్గించండి. వారానికి ఒక్కటి చాలు. ‘చాలా బాగుంది’ అని ఊరుకోకుండా, ఎక్కడ ఏం వినాలో రెండు ముక్కలు రాయండి.

మైల్స్ డేవిస్ 1959 నాటి ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’లోని ‘సో వాట్’తో మొదలుపెట్టండి. అందులోని స్వరాలు మీకు కొత్తేమీ కాదు. ‘డి’ని షడ్జమం అనుకుంటే అవి మన ఖరహరప్రియ స్వరాలే. అయితే 32 బార్ల ఆవృత్తిలో 16 బార్లు కాగానే ఆధారశ్రుతే అరమెట్టు పైకి జరుగుతుంది. 8 బార్ల తర్వాత మళ్లీ పాతచోటికి దిగుతుంది. మన కచేరీలో ఇది ఊహించలేం. ఆ మలుపు చెవికి చిక్కితే సగం పని అయినట్టే.

ఆపైన మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్, గిటారిస్టు జాన్ మెక్‌లాగ్లిన్‌తో కలిసి ‘రిమెంబర్ శక్తి’ బృందంలో వాయించినవి వినండి. గిటార్ ఒక మాట అంటే మాండలిన్ ఎలా బదులిస్తుందో గమనించండి.

నెలకోసారి తెనాలిలోనే కలుసుకోండి. రేపల్లె లైను, బాపట్ల మీదుగా వచ్చే మెయిన్ లైను రెండూ అక్కడే కలుస్తాయి కదా! వచ్చినవాళ్లు తమకు నచ్చిన సోలోలో నాలుగు బార్లయినా నోటితో పాడాలని షరతు పెట్టండి. నోటికి వస్తేనే విన్నట్టు లెక్క.