పాప వినలేదా? పాపకు వినిపించలేదా?



పోయిన టర్మ్‌లో మా ఏడో తరగతి పాప ఒకరికి ఇంగ్లిష్ లిజనింగ్ హోంవర్క్‌లో వరుసగా మూడు వారాలు మార్కులు తగ్గాయి. తరగతిలో నేను చదివి వినిపిస్తే సరిగ్గానే రాసేది. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో ఆడియో విని రాసినప్పుడే తప్పులు వచ్చేవి. డైరీలో "మరింత శ్రద్ధగా వినాలి" అని రిమార్క్ రాసి పంపాను.

తర్వాతి పేరెంట్ టీచర్ మీటింగ్‌లో వాళ్లమ్మగారు నాతో ఒక మాట అన్నారు. "మిస్, నేను పక్కనే కూర్చుంటున్నాను. పాప శ్రద్ధగానే వింటోంది. మొన్న ఆ హెడ్‌ఫోన్స్ నేను పెట్టుకుని చూశాను. లోపల గాలి హోరులా ఒకటే శబ్దం. సగం మాటలు నాకే తెలియలేదు." ఆ రోజు నా రిమార్క్ విషయంలో నాకు సిగ్గేసింది. వినకపోవడానికీ, వినిపించకపోవడానికీ తేడా చూడకుండా రాసేశాను.

ఆ హోరు ఎక్కడి నుంచి వచ్చిందో చివర్లో చెబుతాను. ముందు, ఇంత చిన్న శబ్దం ఇంగ్లిష్ పాఠానికి ఎందుకంత అడ్డమో చూద్దాం.

చివరి అక్షరంలోనే గ్రామర్

తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. అమ్మ, చెట్టు, నీళ్లు. ఇంగ్లిష్ నుంచి తెచ్చుకున్న మాటలకు కూడా మనం చివర అచ్చు తగిలించి బస్సు, కారు, రోడ్డు అంటాం. ఇంగ్లిష్‌లో మాట చివరి హల్లు మీదే అర్థం ఆధారపడుతుంది. క్యాట్ అంటే ఒక పిల్లి, క్యాట్స్ అంటే చాలా పిల్లులు. వాక్ అంటే నడవడం, వాక్ట్ అంటే నడిచేశారు. అసలే మన పిల్లల చెవికి కొత్తగా ఉండే చోటు అది.

స్, ఫ్ లాంటి ధ్వనులు చాలా మెల్లగా పలుకుతాయి. స్ శబ్దంలో ఎక్కువ భాగం 4000 హెర్ట్జ్ పైన ఉంటుంది. స్పీకర్‌లో వచ్చే 'స్‌స్' అనే హోరు కూడా ఆ మేరకు పరుచుకుని ఉంటుంది కాబట్టి ఈ ధ్వనులను సులువుగా మింగేస్తుంది. సినిమా పాట వింటే మనకు పెద్ద ఇబ్బంది ఉండదు. కానీ డిక్టేషన్ రాసే పిల్లకు క్యాట్స్ కాస్తా క్యాట్ అయిపోతుంది.

రెండో ఇబ్బంది ఆరోగ్యానికి సంబంధించింది. హోరు ఉంటే పిల్లలు వెంటనే వాల్యూమ్ పెంచుతారు. పిల్లలు 75 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలకు మించి వినకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగితే ఆ సమయం సగానికి, అంటే 20 గంటలకు తగ్గిపోతుంది. అందుకే వాల్యూమ్ పెంచడం మందు కాదు. హోరు తగ్గించాలి.

ఇంట్లోనే పదిహేను నిమిషాల పరీక్ష

ఒక్క నియమం గుర్తుంచుకోండి. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చాక వినండి. నాలుగు పనులు ఒకేసారి చేస్తే శబ్దం పోయినా ఎందుకు పోయిందో తెలియదు, మళ్లీ వస్తే మొదటికి వస్తారు. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని వాళ్లతోనే నోట్‌బుక్‌లో రాయించండి. సైన్స్ ప్రయోగం చేసినట్టూ ఉంటుంది.

1. అదే ఆడియోను మీ ఫోన్‌లో వినండి. అక్కడా అదే చోట అదే శబ్దం ఉంటే లోపం మా రికార్డింగ్‌లో ఉన్నట్టు. మీరు కంప్యూటర్‌ని ముట్టుకోనక్కర్లేదు. డైరీలో రాయండి, మళ్లీ రికార్డ్ చేసి పంపడం మా బాధ్యత.

2. ఫోన్‌లో బాగుంటే, కంప్యూటర్‌లో ఆడియోను పాజ్ చేసి వినండి. పాఠం ఆగినా శబ్దం ఆగకపోతే అది పాఠంలోది కాదు. ఇప్పుడు కంప్యూటర్ వాల్యూమ్‌ని మ్యూట్ చేయండి. మ్యూట్‌తో శబ్దం పోతే, ముందు సెట్టింగ్స్, మైక్ చూడాలి. మ్యూట్ చేసినా అలాగే ఉంటే వైరు, జాక్, స్పీకర్, కరెంటు వైపు చూడాలి. సగం వెతుకులాట ఇక్కడే తగ్గిపోతుంది.

3. 'గుయ్' మని ఒకే స్థాయిలో మోగుతుంటే కరెంటు వైపు చూడండి. మన ఇళ్లకు వచ్చే కరెంటు 50 హెర్ట్జ్‌ది. ఎర్తింగ్ సరిగా లేకపోయినా, ల్యాప్‌టాప్‌నీ స్పీకర్లనీ వేర్వేరు బోర్డులకు పెట్టినా ఆ మోత ఆడియోలోకి రావచ్చు. ఛార్జర్ తీసి కాసేపు బ్యాటరీ మీద నడపండి. మోత పోతే దారి దొరికినట్టే. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి పెట్టి చూడండి. అయినా ఉంటే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చెక్ చేయించండి. మోత పోతుందని త్రీ పిన్ ప్లగ్‌లోని ఎర్త్ పిన్ విరగ్గొట్టడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. షాక్ కొట్టకుండా కాపాడేది ఆ పిన్నే.

4. 'స్‌స్' మని హోరు వస్తుంటే రెండు చోట్ల చూడండి. మొదటిది వాల్యూమ్. కంప్యూటర్‌లో బాగా తగ్గించి స్పీకర్ నాబ్ మొత్తం తిప్పితే స్పీకర్ తన సొంత హోరునే పెద్దది చేసి వినిపిస్తుంది. కంప్యూటర్ వాల్యూమ్ 80 దగ్గర ఉంచి, నాబ్‌ని చెవికి హాయిగా ఉండేంత వరకే తిప్పండి. రెండోది మైక్. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్, మోర్ సౌండ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి రికార్డింగ్ ట్యాబ్ తెరవండి. మైక్రోఫోన్ మీద డబుల్ క్లిక్ చేసి, లిజన్ ట్యాబ్‌లో 'లిజన్ టు దిస్ డివైస్' దగ్గర టిక్ ఉంటే తీసేయండి. ఆ టిక్ ఉంటే గదిలోని ప్రతి చప్పుడూ మైక్ ద్వారా తిరిగి హెడ్‌ఫోన్స్‌లోకి వస్తుంది.

5. వైరు కదిపినప్పుడల్లా చిటపటమంటుంటే జాక్ వదులై ఉండొచ్చు, వైరు లోపల తెగి ఉండొచ్చు. జాక్ పూర్తిగా లోపలికి వెళ్లిందో లేదో చూసి, ఇంట్లో ఉన్న వేరే హెడ్‌ఫోన్స్ పెట్టి పరీక్షించండి. డెస్క్‌టాప్‌లో మౌస్ కదిపితే సన్నగా కీచుమంటుంటే, సీపీయూ ముందు వైపు జాక్ వదిలేసి వెనక ఉన్న ఆకుపచ్చ జాక్‌లో పెట్టండి. అప్పటికీ తగ్గకపోతే యూఎస్‌బీకి పెట్టుకునే చిన్న సౌండ్ అడాప్టర్ వాడొచ్చు. చాలాసార్లు దాంతోనే పనైపోతుంది, కొత్త కంప్యూటర్ కొనక్కర్లేదు.

6. మాట తెగి తెగి వస్తుంటే కంప్యూటర్ మీద భారం ఎక్కువైందేమో చూడండి. తెరిచి ఉన్న ట్యాబ్‌లు, గేమ్స్ మూసి రీస్టార్ట్ చేయండి. సౌండ్ సెట్టింగ్స్‌లో 'ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్' ఆఫ్ చేసి చూడండి. బ్లూటూత్ హెడ్‌సెట్ అయితే ఇంకో సంగతి ఉంది. ఆన్‌లైన్ క్లాస్‌లో దాని మైక్ కూడా వాడితే చాలా హెడ్‌సెట్లలో పాఠం పాత ఫోన్ కాల్‌లా బొంగురుగా వినిపిస్తుంది. మైక్‌గా ల్యాప్‌టాప్‌లోనిదే ఎంచుకుంటే మాట మళ్లీ స్పష్టమవుతుంది.

బాగైందని ఎలా తెలుస్తుంది?

క్యాట్, క్యాట్స్, వాక్, వాక్ట్, ప్లే, ప్లేస్ లాంటి పది మాటలు మీ ఫోన్‌లో మీ గొంతుతోనే రికార్డ్ చేయండి. కంప్యూటర్‌లోకి పంపి, మాట మీద వాల్యూమ్ పెంచకుండా వినిపించండి. పిల్లలు విన్నది విన్నట్టు రాయాలి. మీ ఉచ్చారణ గురించి మొహమాటపడకండి. ఇక్కడ పరీక్ష రాస్తున్నది కంప్యూటర్.

ఆడియో శుభ్రంగా ఉన్నా, మీరు ఎదురుగా కూర్చుని మామూలుగా పలికినా పిల్లలు పదే పదే "ఏంటి?" అంటుంటే ఆలస్యం చేయకుండా ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. అలాంటి పిల్లల్ని బెంచీ మార్చి ముందు కూర్చోబెట్టాలి కాబట్టి క్లాస్ టీచర్‌కి కూడా చెప్పండి.

ఇక ఆ ఏడో తరగతి పాప సంగతి. వాళ్లమ్మగారు ఆ సాయంత్రం ఫోన్‌లో నాతో మాట్లాడుతూ ఒక్కొక్కటే చేసుకుంటూ వచ్చారు. మ్యూట్ చేస్తే హోరు పోయింది. సీలింగ్ ఫ్యాన్ కట్టేస్తే హోరు తగ్గింది. అక్కడే దొరికింది. ఎప్పుడో ఎవరో 'లిజన్ టు దిస్ డివైస్' దగ్గర టిక్ పెట్టి వదిలేశారు. మూడు వారాలు ఆ పిల్ల పాఠంతో పాటు తలపైన తిరిగే ఫ్యాన్‌ని కూడా విని డిక్టేషన్ రాసింది. టిక్ తీశాక తర్వాతి వారం మాట చివరి స్‌లన్నీ కాగితం మీదకి తిరిగొచ్చాయి.

డైరీలో నా పాత రిమార్క్ కింద "పాప శ్రద్ధగా వింటోంది" అని రాసి సంతకం పెట్టాను. అప్పటి నుంచి లిజనింగ్‌లో మార్కులు తగ్గిన ప్రతిసారీ పిల్లల్ని ముందు ఒకటే అడుగుతున్నాను: "నీకు సరిగ్గా వినిపించిందా?" ఈసారి ఇంట్లో మార్కులు చూసి కోపం వస్తే, మీరూ ఒక్క నిమిషం ఆ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి.

మీ ఇంగ్లిష్ టీచర్