బల్లపఱుపు చేప: దాని పుట్టుక, పెంపకము

పర్చూరు ప్రాంతము ప్రత్తికిని మిరపకును పేరుపడినది. నల్లరేగడి దున్ని బ్రదుకువారికి సముద్రపు చేపల గొడవ యేల యని చదువరులలో కొందఱు తలంపవచ్చును. కాని చీరాల దాటిన వాడరేవు. అది మనకు పెద్ద పయనము గాదు. అదియునుగాక, 1990 తరువాత ఈ తీరమున పొలములు రొయ్యల చెఱువులుగా మాఱుటను, ఆ చెఱువులు కొన్ని కుటుంబములను లేవనెత్తి కొన్నింటిని అప్పులపాలు చేయుటను పెద్దలు కన్నులార చూచినారు. ఒక్క రొయ్యనే నమ్ముకొనక మఱియేమి పెంచవచ్చునను ప్రశ్న అప్పటినుండి వినబడుచునే యున్నది. అట్టి ప్రశ్నకు జవాబుగా కొన్ని దేశములు ఎన్నుకొన్న యొక వింతచేపను గూర్చి యిచ్చట వ్రాయ దలంచితిమి.

దీనిని మొదటిసారి చూచువారు, ఎవరో కాలితో త్రొక్కి చదును చేసినట్లున్నదే యందురు. ఒక ప్రక్క గోధుమవన్నె, రెండవ ప్రక్క తెలుపు. రెండు కన్నులును రంగుగల ప్రక్కనే యుండును. రంగుగల ప్రక్క వీపనియు, తెల్లని ప్రక్క కడుపనియు ననుకొనుట సహజము. అది సరికాదు. టెంకిచేప నిజముగా కడుపు నేలకానించి పండుకొనును. బల్లపఱుపు చేపయో, ఒక ప్రక్కకు ఒత్తిగిలి పండుకొన్న చేప. మనము పైన చూచునది దాని కుడి ప్రక్కయో, ఎడమ ప్రక్కయో యగును గాని వీపు గాదు.

పుట్టినప్పుడు దీనికి ఏ వంకరయు లేదు. గ్రుడ్డునుండి వెలువడిన పిల్ల తక్కిన చేపపిల్లలవలెనే నిలువుగా నీదును. తలకు ఇరువైపుల ఒక్కొక్క కన్ను. జపానుదేశపు జాతిలో సుమారు మూడు నాలుగు వారములకు మార్పు కనబడును. ఒక కన్ను మెల్లమెల్లగా పైకి జరిగి, నడినెత్తి దాటి, ఆవలి ప్రక్కకు చేరును. పుఱ్ఱెయెముకలే మెలిపడును. అంతట ఆ పిల్ల అడుగునకు దిగి, కన్నులేని ప్రక్కను ఇసుకకానించి పండుకొనును. పెద్దదైన పిదప చాల జాతులకు గాలితిత్తి యైనను మిగులదు. ఈ మార్పును నడపునది థైరాయిడు గ్రంథినుండి పుట్టు రసము. తోకకప్పను కప్పగా మార్చునదియు నదియే యని మా విద్యార్థులు జ్ఞాపకముంచుకొందురు గాక.

ఈ కన్ను పూర్వమొక పెద్ద వాదమునకు కారణమైనది. కన్ను కొంచెము మాత్రమే జరిగి యింకను అడుగు ప్రక్కనే యున్నచో చేపకు ప్రయోజనమేమి, అట్టి సగము మార్పు ఎట్లు నిలిచెను అని 1871లో మైవర్టు అను పండితుడు డార్విను నడిగెను. 1872లో వెలువడిన తన గ్రంథపు ఆఱవ కూర్పునందు డార్విను దీనికి సమాధానము చెప్పెను. సాక్ష్యము మాత్రము 2008 వఱకు దొరకలేదు. ఆ యేట ఫ్రీడ్మన్ అను శాస్త్రజ్ఞుడు, ఇటలీదేశపు రాళ్లలో దొరకిన సుమారు అయిదుకోట్ల యేండ్లనాటి చేపలను పరీక్షించి, వాని కన్ను సగము దూరమే జరిగి నిలిచినదని చూపెను.

అంత దూరము పోనక్కఱలేదు. మన బంగాళాఖాతమునందే సెట్టోడిస్ ఎరుమై అను చేప కలదు. దాని జరిగిన కన్ను ఆవలి ప్రక్కకు పూర్తిగా చేరక నెత్తి అంచుననే ఆగును. వీపురెక్క తలమీదికి ప్రాకదు. బ్రదికియున్న బల్లపఱుపు చేపలలో ప్రాచీనరూపమునకు మిక్కిలి దగ్గఱిదిగా దీనిని ఎంచుదురు. 1801లో దీనికి శాస్త్రనామము పెట్టినవారు తరంగంబాడినుండి వచ్చిన చేపను చూచి పెట్టిరి. ఎరుమై యనగా తమిళమున గేదె. అచ్చటి జాలరులు దీనిని గేదెనాలుక యందురు. విశాఖపట్టణపు చేపలను గూర్చి 1803లో పాట్రిక్ రసెల్ ప్రకటించిన గ్రంథములో తెలుగు జాలరులు చెప్పిన పేర్లే వ్రాయబడినవి. అందును ఈ తెగ చేపకు నాలుక యను మాటతో కూడిన పేరు కనబడును. పండితులకంటె ముందు జాలరులే చేపను సరిగా చూచిరని మా యభిప్రాయము.

ఇక పెంపకమునకు వచ్చెదము. రైతుబిడ్డకు ఈ చేప స్వభావము సులభముగా బోధపడును. తక్కిన చేపలకు నీటి లోతు కావలెను. దీనికి నేల కావలెను. అందుచేత దీని పెంపకమున ఘనపు మీటరునకు గాక చదరపు మీటరునకు ఇన్ని కిలోలని లెక్కింతురు. సముద్రపు ఒడ్డున లోతులేని తొట్లు కట్టి, ఉప్పునీరు పాఱించి పెంచుదురు. చేప ఊరక పండుకొనియుండునది గనుక తిన్న తిండిని ఈతకు వృథా చేయదు. కొరియాలోని జెజూ ద్వీపమున భూగర్భమునుండి తోడిన ఉప్పునీరు ఏడాదిపొడుగునను చల్లగానే యుండుటచే, ఆ దేశమున పెంచు సముద్రపు చేపలలో ఇదియే ముఖ్యమైనది. ఐరోపాలో టర్బట్ అను జాతిని పెంచుచున్నారు. దానిని 1992లో చీనా వారు తెచ్చుకొనిరి. చీనావారే తమ సముద్రపు నాలుకచేపను గూడ పెంచుదురు. అందు ఆడుది మగదానికంటె రెండు మొదలు నాలుగింతలు పెరుగును. అయితే నీటి వేడి హెచ్చినప్పుడు ఆడుగా పుట్టవలసిన పిల్లలు కొన్ని మగవై పోవును! 2014లో దాని జన్యువుల పటము ప్రకటింపబడినది.

కష్టమంతయు పిల్లల దశయందున్నది. ఈ పిల్లలకు మొదట కంటికానని రోటిఫెరులను, పిదప ఆర్టీమియా పిల్లలను బ్రదికియున్నవానినే పెట్టి, అటుపిమ్మట పొడిమేతకు అలవాటు చేయవలెను. ఆ ప్రాణుల మేతలో తగిన క్రొవ్వులు లోపించినచో చేప రంగు చెడును. రంగు ప్రక్క తెల్లమచ్చలు పడును. కొన్నిటికి కన్ను దారిలోనే ఆగిపోవును. తినుటకు దోషము లేకున్నను సంతలో అట్టి చేపకు ధర పలుకదు. మిరపవిత్తనము మంచిదో నకిలీదో కాపు వచ్చువఱకు తెలియదని మన రైతులు వగచుచుందురు. ఇచ్చట పిల్లను చేత పట్టి చూచిననే తెలియును. అది యొక మేలు.

మన తీరమున దీనిని పెంచవచ్చునా? టర్బట్ మొదలగు చలినీటి జాతులను తెచ్చుట వ్యర్థము. వానికి పదునైదు డిగ్రీల చుట్టుప్రక్కల నీరు హితము. మన సముద్రపు పైనీరు ఏడాదిలో చాలభాగము ఇరువదియేడు డిగ్రీలకు తగ్గదు. నీటిని యంత్రములతో చల్లార్చినచో చేపకంటె విద్యుత్తే ప్రియమగును. మన సెట్టోడిస్‌కు ఈ వేడి పుట్టుకతో అలవాటు, రెండడుగుల వఱకు పెరుగును, మాంసము రుచియైనది. కాని దాని నోరు పెద్దది, పండ్లు వాడి. చేపలను తిని బ్రదుకునది గనుక మేత ఖరీదు తప్పదు. అమ్మకమునకు దాని పిల్లలను తయారుచేయు హేచరీ మన దేశమున లేదు. ఈ పని అసాధ్యమని మేమనము. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి జలకృషి పరిశోధన సంస్థవారు 1997లో పండుగప్పను హేచరీలో పొదిగించిరి. మండపములో కోబియా చేపను 2010లో అట్లే సాధించిరి. బల్లపఱుపు చేపకు అట్టి ఓపికతోడి పని ఇంకను జరుగవలసియున్నది.

అది జరుగకముందే పొలము త్రవ్వువాని గతి యేమగునో టైగరు రొయ్య నేర్పినది. 1994, 1995 సంవత్సరములలో తెల్లమచ్చ తెగులు చెఱువులను తుడిచిపెట్టెను. ఉప్పునీరు ఊటబావులలోనికి దిగినదను మొఱలు సుప్రీము కోర్టువఱకు పోయినవి. 1996 డిసెంబరులో తీర్పు వచ్చెను, 2005లో ప్రత్యేక శాసనము వచ్చెను. బల్లపఱుపు చేపకు ప్రత్తిచేను త్రవ్వ నక్కఱలేదు. ఒడ్డున తొట్టి, రానుపోను ఉప్పునీటి కాలువ, పోవు నీటిని శుద్ధిచేయు గుంట, ఇవి కావలెను. ఎవరైనను మన యూరి పొలములో దీనిని పెంచవచ్చునని పిల్లల నమ్మజూపినచో, ఆ పిల్ల ఏ జాతిది, ఏ హేచరీలో పొదిగినది, ఎంత వేడిని ఓర్చును అని మూడు మాటలు అడుగవలెను.

వాడరేవు పోవు విద్యార్థులకు ఒక చిన్న పని. బల్లపఱుపు చేపను వీపురెక్క పైకి, కన్నులున్న ప్రక్క మీవైపునకు ఉండునట్లు పట్టుకొనుడు. తల మీ కుడిచేతి వైపునకున్నచో అది కుడికంటి చేప, ఎడమవైపునకున్నచో ఎడమకంటిది. సన్నని నాలుకచేపలు ఎడమకంటివి. వీపురెక్క కన్నులకు చాల వెనుక మొదలైన పెద్దనోటి చేప దొరకినచో అది సెట్టోడిస్. దానిలో కుడికంటివియు, ఎడమకంటివియు రెండును ఉండును. ఏవి ఎన్ని చూచినదియు తేదీతోగూడ నోటుపుస్తకమున వ్రాసి, తరగతిలో చూపవలెను.