పిల్లల ఫొటోలు పోస్ట్ చేయొచ్చా?

ప్రశ్న: బీఈడీ చేస్తున్నాను. టీచింగ్ ప్రాక్టీస్‌లో పిల్లలతో దిగిన ఫొటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టొచ్చా? నా అకౌంట్ ప్రైవేటే.

జవాబు: ప్రైవేట్ అకౌంట్ స్క్రీన్‌షాట్‌ను ఆపలేదు.

అమెరికాలోని మిల్లర్స్‌విల్ యూనివర్సిటీ ట్రైనీ టీచర్ ఒకరు సముద్రపు దొంగ టోపీతో, చేతిలో కప్పుతో దిగిన పార్టీ ఫొటోను మైస్పేస్‌లో పెట్టారు. అది స్కూలు దృష్టికి వెళ్లింది. పనితీరుపై ఉన్న అసంతృప్తికి ఇదీ తోడై, 2006లో ఆమెకు టీచింగ్ డిగ్రీ దక్కలేదు. 2008లో కోర్టులోనూ ఊరట లభించలేదు.

అది సొంత ఫొటో. పిల్లలదైతే బాధ్యత ఇంకా పెద్దది. మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది, తల్లిదండ్రుల సమ్మతికి పెద్దపీట వేస్తుంది. యూనిఫాం మీది బ్యాడ్జీ ఒక్కటి చాలు, ఆ బిడ్డ ఏ బడిలో చదువుతోందో తెలిసిపోవడానికి.

రికార్డు కోసం ఫొటో తప్పనిసరైతే హెడ్మాస్టర్ అనుమతి, తల్లిదండ్రుల రాతపూర్వక సమ్మతి తీసుకోవాలి. ఇన్‌స్టాగ్రామ్‌కు మాత్రం సొంతంగా చేసిన చార్టులు, బోధనోపకరణాలు పెడితే సరిపోతుంది.